నోట కరిచిన పాచి

పాత రేంజరు గీసిన పటంలో ఒక గుహ, దాని అడుగున ఒక పచ్చటి చుక్క. ఆ చుక్క కోసమే పరిశోధకురాలు మందాకిని మూడు వాగులు దాటి వచ్చింది. దారి చూపుతున్న కిల్లో బుద్దు లెక్కలో పటం ఉంటే నిధి ఉండాలి, నిధి అంటే బిందెల్లో ఉండాలి.

"ఏటి తల్లీ, పాచి కోసం ఇంత దూరమా? మా బావి గట్టున గోకితే తట్టెడొచ్చును!"

"ఇది వేరే పాచి బాబాయ్. దీని లోపల వైరస్ కాపురముంటుంది."

బుద్దు ఠక్కున ఆగిపోయాడు. నిరుడు అంటుజ్వరం తొలి మనవణ్ణి ఎత్తుకుపోయినప్పుడు డాక్టరు చెప్పిన మాట అదే. ఇప్పుడు ఇంట్లో మళ్లీ పదిరోజుల పసిగుడ్డు. ఈ సాయంత్రం ఒళ్లోకి తీసుకుని, చెవిలో పేరు చెప్పాల్సినవాడు తాతే.

"సూపిస్తాను. ముట్టను," అన్నాడు.

తాడు పట్టుకుని గుహలోకి దిగేసరికి గబ్బిలాల కంపు గొంతుకు అడ్డంపడింది. మోకాలిలోతు పెంట. అడుగు వేస్తే బొద్దింకలు బిలబిలా తొడల మీదికి పాకాయి. గోడ పట్టుకుంటే చీమిడిలా జిగట. బుద్దు చెయ్యి లాక్కుని పంచెకి తుడుచుకున్నాడు. మందాకిని మాత్రం అడుగు రాతి మీది పచ్చటి కుచ్చును చూసి కేకవేసింది.

"ఇదే! బయట పెరిగే పాచిలో ఆ వైరస్ జన్యువుల రాత ముక్కలుగానే మిగిలింది. మొత్తం ఉంటే దీన్లోనే!"

నిమ్మకాయంత గిల్లి డబ్బాలో పెట్టిందో లేదో, ఎక్కడో పై కొండల్లో పడిన వాన గుహ పగులులోంచి బుసకొట్టింది. పెంట లేచి నల్లటి అంబలైంది. మందాకిని జారిపడింది. డబ్బా పోయింది, గిల్లిన కుచ్చు గుప్పిట్లో మిగిలింది. రాతి మీది మిగతాదాన్ని వరద ఊడ్చేసింది.

"నా వీపెక్కు! రెండు సేతులూ మెడకేసీ!"

"గుప్పిట విప్పితే పాచి పోతుంది బాబాయ్! ఇంకెక్కడా లేదు!"

నీళ్లు గెడ్డం దాకా వచ్చాయి. బుద్దు చేతులు రెండూ తాడు మీద. మొలలో దోపితే కొట్టుకుపోతుంది. తలపాగా ఎప్పుడో పోయింది. మందాకిని నీళ్లు మింగి, దగ్గుతో నోరు మూయలేకుండా ఉంది. నీటికి పైన మిగిలింది తన నోరొక్కటే.

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "పెట్టీ!"

చేదు. బురద. గబ్బిలం ఉచ్చ. కాళ్లున్నదేదో నాలుక మీద నడిచింది. పొంగుకొచ్చిన వాంతిని మింగుకుని, పట్టుమీద పట్టు వేస్తూ ఇద్దరి బరువునీ బయటికి లాక్కొచ్చాడు.

ఎండలో ఆమె అరచేతిలోకి ఉమ్మాడు. పాచి పచ్చగానే ఉంది. అతని మొహమే నల్లబడింది.

"నాకు అంటీసింది గదా. ఇంక పిల్లని ముట్టకూడదు గదా తల్లీ?"

మందాకిని తెల్లబోయింది. "అయ్యో, అది అంటేది కాదు బాబాయ్! తల్లిపాచి నుంచి పిల్లపాచికి పుట్టుకతో వచ్చేది. కోట్ల ఏళ్లుగా దాని ఒంట్లోనే కలిసిపోయింది. నువ్వు భయపడాల్సింది గబ్బిలాల పెంటకి. ముందు సబ్బుతో రుద్దుకో!"

బుద్దు మోచేత్తో మూతి తుడుచుకున్నాడు.

"అంటే రోగం కాదు. ఇంటిపేరు."

"అంతే!"

"ఎవులి ఇంటిపేరైతే ఏటి, నా నోట్లోనా?" థూ అని ఉమ్మి, సబ్బు అడిగి, వాగులోకి దిగాడు.

సాయంత్రం పసిదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. చెవిలో పేరు చెప్పేటప్పుడు మాత్రం నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పదకొండుసార్లు పుక్కిలించినా కంపు పోలేదు మరి.