స్కూటీకి అంటిన రెండక్షరాలు

అమ్మ ఫోను స్విచాఫ్ అని ఆ గొంతు పద్నాలుగోసారి చెప్పేసరికి భార్గవి సీట్లోంచి లేచింది. మియాపూర్ అద్దె ఇంట్లో అమ్మ చెన్నమ్మ ఒక్కతే ఉంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె... బస్సుల్లేవు, కరెంటు లేదు. ఎక్కడో రాళ్ళు పడ్డాయని మాదాపూర్ ఆఫీసంతా గుసగుసలు. అమ్మకు గుండెదడ. మాత్ర వేసుకుందో లేదో... ఆగలేక వానలోనే స్కూటీ తీసింది.

లింగమూర్తికి ఒక్క మాట చెబితే రెక్కలు కట్టుకుని వాలేవాడు. జీడిమెట్ల కబడ్డీ జట్టులో కూతకు వెళ్ళడంలో అతన్ని మించిన రెయిడర్ లేడు. ఒక్క గుక్కలో ఏడుగురినీ తాకి, దారిలో చాయ్ కూడా తాగి వస్తాడని జనం చెప్పుకునేవారు. ఆడపిల్లల విషయంలోనూ అదే ఆట. ఒక మనసు దోచుకోవడం, తన గీత వెనక్కి పారిపోవడం. ఆరు నెలలుగా భార్గవి చుట్టూ తిరుగుతున్నాడు. ఆమె దరిచేరనివ్వలేదు. ఆమె తండ్రి సురేంద్ర కడపలో పేరున్న వాలీబాల్ ఆటగాడు. ఊరికో పోటీ, పోటీకో ప్రేమ. అమ్మ గుమ్మంలో ఎదురుచూసిన రోజులన్నీ భార్గవికి కంఠతా వచ్చు. అందుకే సొంత జీతం, సొంత బండి, ఎవరికీ ఇవ్వని తాళం.

కొండాపూర్ చౌరస్తాలో జెండాలు పట్టుకున్న గుంపు అడ్డం వచ్చింది.

"అక్కా, టీజీ జీరో ఫోర్ అంటే ఏ జిల్లనే? కడప మన తెలంగాణల ఎప్పుడు కలిసింది?"

భార్గవి వంగి చూసింది. నంబరు పలక మీద ఏపీ కనబడకుండా ఎవరో టీజీ అని స్టిక్కర్ అంటించారు. పక్కనున్న జిల్లా అంకె అలాగే ఉంది. వానకు స్టిక్కర్ మూల లేచి, కింద పాత అక్షరం తొంగిచూస్తోంది.

"నేను అంటించలేదు. నాకు తెలీదు."

"మరి బండే అంటించుకున్నదా? ఉన్నది ఉన్నట్టు ఉంచితే నిన్నేమన్న తింటమా? గీ దొంగేషమెందుకు?" అంటూ ఒకతను తాళం లాగేసుకున్నాడు.

చుట్టూ మనుషులు... ఇంట్లో అమ్మ ఏమైందో...

"తాళమియ్యిరా. అంటించింది నేను." గుంపును తోసుకుని లింగమూర్తి వచ్చాడు. అతనూ ఆ ఊరేగింపులోనే ఉన్నాడు.

"ఓహో, మూర్తన్నదా? గీమె ఎన్నో నంబర్ అన్నా?"

అందరూ నవ్వారు. లింగమూర్తి తల దించుకున్నాడు.

"గట్ల అనకుర్రి. చాయ్‌కి పిలిస్తే సుత రాలే ఆమె. ఎవలన్న ఆపుతరేమోనని పరేషానై, అడగకుండ అంటించిన. జిల్లా నంబర్ యాదికి రాలే. తప్పు నాది."

తాళం తిరిగొచ్చింది. భార్గవి బండి ముందుకు పోనిచ్చింది. మియాపూర్ దాకా అతను వానలో వెనకే పరిగెత్తాడు.

ఇంటి తలుపు బిగించి ఉంది. కొట్టింది. చప్పుడు లేదు... మళ్ళీ కొట్టింది. "అమ్మా, నేనే..."

గడియ కదిలింది. చచ్చిపోయిన ఫోను చేతిలో పట్టుకుని చెన్నమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"యాడుంటివే... కరెంటు పాయె, ఫోను పాయె, నా పానం గూడా పోతాదనుకుంటి..." కూతుర్ని వాటేసుకుంది. అంతలో మెట్ల కింద రొప్పుతున్న మనిషి కంటబడ్డాడు. "ఎవరే ఆయప్ప?"

భార్గవి జరిగిందంతా చెప్పింది. చెన్నమ్మ మెట్ల అంచుదాకా వచ్చి అతన్ని చూసింది.

"ఆటగాడే గదా. మీ నాయన గూడా ఇట్లే తడిసొచ్చి నిలబడతాండె. అయితే తప్పు నాది అనే మాట, ఇరవై ఏండ్లు కాసుకున్నా ఆ నోట్లోంచి రాలేదు మ్మే."

భార్గవి కిందికి వెళ్ళి స్టిక్కర్ ఊడబీకి అతని అరచేతిలో పెట్టింది.

"ఇది నా బండి. నన్నడగకుండా చెయ్యి వెయ్యొద్దు."

"ఇగ వెయ్య. ఇప్పుడు అడుగుతున్న... ఒక్క చాయ్‌కి వస్తవా?"

చౌరస్తాలో కన్నా ఎక్కువ భయమేసింది ఆమెకు.

"ఆలోచించుకోవాల. ఎన్నాళ్ళు పడుతుందో తెలీదు."

"నిలబడత."

అవతలి జట్టు గడిలో ముప్పై సెకన్లకు మించి ఆగని మనిషి, వానలో కదలకుండా నిలబడ్డాడు. భార్గవి పైకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. అలవాటుగా గడియ మీదికి వెళ్ళిన అమ్మ చేతిని మెల్లగా పట్టుకుని ఆపింది.