ఎఫ్ డ్రైవ్ తియ్యి

"మీ మరదలు పట్టుబడేలోపు నువ్వు నిద్ర లేస్తావా?" అన్నాడు చీఫ్.

ఏజెంట్ కళ్ళు తెరిచే ఉన్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని నిద్రమొహం అనే పిలుస్తారు. ఒకప్పుడు కదిలే రైలు మీంచి దూకినవాడికి ఇప్పుడు మంచం మీంచి దిగడమే పెద్ద మిషన్.

"చెప్పండి సార్."

"విదేశీ ముఠా మన రికార్డుల డైరెక్టర్‌కి కొత్త లాప్‌టాప్ ఒకటి అంటగట్టింది. హార్డ్ డిస్క్‌లో సి కాక, డి, ఎఫ్ అని మరో రెండు పార్టిషన్లు, అంటే విడి డ్రైవ్‌లు. ఒకదాంట్లో దొంగ ప్రోగ్రామ్ ఉంది. తెరిస్తే చాలు, మన ఏజెంట్ల ఫోటోలన్నీ వాళ్ళకి పోతాయి. మెరుపు ఫోటోతో సహా."

మెరుపు డబుల్ ఏజెంట్. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర గౌనుతో ముఠా నాయకుడి పక్కనే తిరుగుతూ వాళ్ళ గుట్టు మనకి చేరవేస్తోంది. నిద్రమొహం భార్యకి సొంత చెల్లెలు. భార్య మాత్రం తన చెల్లెలు సెంటు సీసాలు అమ్ముతుందనుకుంటోంది.

"రెండోదాంట్లో ఏముంది?"

"తనని ఎక్కణ్ణుంచి తప్పించాలో ఆ అడ్రస్. వాళ్ళ కళ్ళుగప్పి దాచింది. భోజనాల వేళకి అడ్డా మార్చేస్తారు. ఏ డ్రైవ్ ఏమిటో తనే ఫోన్ చేసి చెప్తుంది. ఒక్క ముక్కే. మళ్ళీ చెయ్యడం కుదరదు. రికార్డుల ఆఫీసులో ముఠా మనిషి ఎవడో ఉన్నాడు, సర్వీస్ ఇంజినీరులా వెళ్ళు."

మారువేషం అంటే ఓ మీసం. దాని గమ్ దురద పెడుతోంది. దురద పుట్టని గమ్ కనిపెట్టడం మాత్రం ఏ ప్రభుత్వానికీ చేతకాలేదు.

"కొత్త లాప్‌టాప్‌లో ఇన్ని ముక్కలేంటయ్యా? అక్కర్లేనివి తీసేసి పో" అని డైరెక్టర్ కాఫీకి వెళ్ళిపోయాడు.

జేబులో పెన్ను మోగింది. ఆ పెన్నే ఫోను.

"బావా, ఎఫ్ తియ్యి."

అంతే, కట్ అయింది. నిద్రమొహం మౌస్ మీద చెయ్యి వేసి, ఆగిపోయాడు. తలుపు తియ్యమంటే తెరుస్తాం. ఎంగిలి కంచం తియ్యమంటే అవతల పెడతాం. రెండిటికీ ఒకటే మాట. ప్రాణం మీదికొచ్చిన వేళ ఇంకో అక్షరం ఖర్చు పెడితే మహాతల్లి సొమ్మేం పోయింది?

దొంగదాన్ని తెరిస్తే ఆమె ఫోటో ముఠా చేతిలో ఉంటుంది. అడ్రస్ ఉన్నదాన్ని చెరిపేస్తే ఆమె ఎక్కడుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చాలా ఏళ్ళ తర్వాత అతనికి నిజంగా భయం వేసింది. తన పెళ్ళినాటికి ఇంకా రెండు జడలతో తిరిగిన పిల్ల.

మిషన్‌లో ఉండగా ఇంటికి ఫోన్ చెయ్యకూడదని రూలు. చేశాడు.

"ఈ వేళప్పుడు ఫోనేంటండీ?" అంది భార్య.

"ఊరికే. మీ చెల్లెలు 'తియ్యి' అందంటే తెరవమనా, పారెయ్యమనా?"

"మతిపోయిందా మీకు?"

"చెప్పవే బాబూ."

స్టవ్ మీద ఏదో కుతకుతలాడుతోంది. "తెరవమనడం దానికి తెలుగులో ఎక్కడొస్తుందండీ? కిటికీ అయినా, డబ్బా మూతైనా 'ఓపెన్ చెయ్యి' అంటుంది. దాని స్టైలు దానిది. తియ్యి అందంటే పారెయ్యమనే. మొన్న నా పాత కర్టెన్లు చూసి 'తియ్యవే అక్కా' అనలేదూ?"

"ఖాయమా?"

"దాన్ని పెంచింది నేనండీ."

డిస్క్ మేనేజ్‌మెంట్. ఎఫ్ మీద రైట్ క్లిక్. డిలీట్ వాల్యూమ్. ఇందులోని డేటా అంతా పోతుంది, సరేనా అని అడిగింది మెషీన్. ఎస్ నొక్కాడు. ఎఫ్ ఉన్నచోట నల్లటి గీత, కింద ఖాళీ జాగా మిగిలాయి.

డి తెరిచాడు. ఒకే ఒక్క లైను: పాత సబ్బుల ఫ్యాక్టరీ, వెనక గేటు.

అడ్రస్ చీఫ్‌కి పంపి, డి కూడా తీసేసి, ఖాళీ అయిన జాగా అంతా సి లో కలిపేశాడు. డైరెక్టర్ చెప్పిన పని కూడా పనే కదా.

కాసేపటికి పెన్ను మోగింది.

"బావా, అడ్డా మార్చే లారీ స్టార్టయ్యాక వచ్చారు మీవాళ్ళు. ఇంకో నిమిషమైతే నా పని అయిపోయేది."

"ఇంకోసారి 'తీసెయ్' అని ఏడువు తల్లీ" అన్నాడు. ఆమెకి ఏమీ అర్థం కాలేదు.

సాయంత్రం ఒళ్ళు హూనమై ఇల్లు చేరాడు. మీసం సగమే ఊడింది. కాలింగ్ బెల్ పనిచెయ్యలేదు.

"తలుపు తియ్యవే" అన్నాడు నీరసంగా.

లోపల్నుంచి భార్య అడిగింది: "తెరవనా, పీకి పారెయ్యనా?"