తొట్టిలో పాత నీళ్ళు

తెల్లవారేసరికి రాజమ్మాళ్ కాసుల పేరు మాయమైంది.

కంపెనీ పోయి రాణిగారి దొరతనం వచ్చినా ఆండిపట్టిలో దొంగల భయం తగ్గలేదు. అందుకే భర్త పోయిన నాటినుంచీ రాజమ్మాళ్ ఆ నగను చేపల రాతి తొట్టి అడుగున, పలక కింద దాచింది. తొట్టి మొత్తం ఖాళీ చేస్తే తప్ప పలక లేవదు. ఇప్పుడు పలక పక్కకు జరిగి ఉంది. పైన నీళ్ళు మాత్రం నిండుగా ఉన్నాయి.

తొట్టి కడిగేది పనిమనిషి పొన్ను. చోటు ఆమెకు తెలుసు. రాజమ్మాళ్ తమ్ముడు సంజీవి ఆమె పేరే చెప్పాడు. కబురందుకుని వచ్చిన కానిస్టేబుల్ వెంటనే ఆమె చేతులకు తాడు కట్టాడు. పొన్ను ఏడవలేదు. రాజమ్మాళ్ మొహంకేసి చూస్తూ నిలబడింది. ఆ చూపు రాజమ్మాళ్ భరించలేకపోయింది. కానీ తల్లి పోతే సంజీవిని ఒళ్ళో వేసుకుని పెంచింది తనే. వాడి మాట ఎలా కాదనగలదు?

ఇన్‌స్పెక్టర్ ధర్మరాజ తొట్టి పక్కన గొంతుక్కూర్చుని చేపల్నే చూశాడు. ఒక్కటీ చావలేదు.

“నీళ్ళు ఎట్ల మార్చేదమ్మా?”

“సగమే తీసేది. కొత్త నీళ్ళు ఒక పగలంతా అండాలో నిలిపినాకనే పోసేది. పచ్చి బావినీళ్ళు పోస్తే అన్నీ చస్తాయి. చేపలు తెచ్చిందీ, ఇదంతా నేర్పించిందీ మా తంబి సంజీవే.”

“పొన్ను నిన్న ఇక్కడే ఉండెనా?”

“లేదు. తేనిలో అమ్మగారింటికి పోయుండె. దీపాలేళకు వచ్చె.”

ధర్మరాజ లేచాడు.

“రాత్రి ఈ తొట్టి ఖాళీ అయింది. అయినా చేపలు బతికినాయి. అంటే సగం పాత నీళ్ళు ఎత్తిపెట్టి, మిగతా సగానికి కొత్తవి నిన్న పొద్దున్నే తోడి నిలిపినారు. అప్పుడు పొన్ను ఊళ్ళో లేదమ్మా.”

రాజమ్మాళ్ పెరటివైపు తిరిగింది. నిన్న పొద్దున సంజీవి పెరట్లో అండాలు నింపాడు. ఎందుకురా అంటే, స్నానానికి అన్నాడు. ఆ అండాలు ఇప్పుడు ఖాళీగా బోర్లించి ఉన్నాయి. వాడింకా స్నానమే చెయ్యలేదు.

కాసుల పేరు సంజీవి పరుపులో దొరికింది.

పొన్ను కట్లు రాజమ్మాళే విప్పింది. తమ్ముడివైపు తిరిగింది.

“నగ తీసేటప్పుడు గూడా చేపల్ని చావనియ్యలేదే తంబీ?”

సంజీవి తల దించుకున్నాడు.

“పావం, అవి నన్నే నమ్ముకోని ఉండె గదక్కా.”

“నేను ఎవర్ని నమ్ముకోని ఉంటినిరా?”