కదలని పచ్చచుక్క

మా అమ్మాయికీ, సిగ్నల్ బాబుకీ పరిచయం గొడవతోనే మొదలైంది.

అమ్మాయి మందులు నిలవ ఉంచే గోడౌన్‌లో పనిచేస్తుంది. అక్కడ అందరి చేతుల్లోనూ ఫోన్ లాంటి స్కానర్ ఉంటుంది. అన్నీ వైఫైతో నడిచేవే. ఏది ఎక్కడుందో, పనిచేస్తోందో లేదో పైగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తుండే కుర్రాడికి గోడౌన్ ఆడపిల్లలు పెట్టిన పేరు సిగ్నల్ బాబు. తెర మీద ఒక్కో స్కానర్ ఒక్కో చుక్క. సిగ్నల్ అందుతుంటే పచ్చన, అందకపోతే ఎరుపు.

చల్లగా ఉంచాల్సిన మందులకి అక్కడో చల్లగది ఉంది, దాని తలుపు ఇనుపది. అమ్మాయి లోపలికెళ్లి తలుపు మూస్తే చాలు, చుక్క ఎర్రబడేది. బయటికి రాగానే బల్ల మీద ఫోన్ మోగేది. అంతా బాగానే ఉందా అని అడిగేవాడు.

ఒకరోజు పిల్లకి ఒళ్లు మండింది. "ఇంట్లో మా అమ్మ ఒక్కతి చాలదా? మీరు కూడానా?"

"నేను స్కానర్ గురించి అడిగానండీ."

"అయితే స్కానర్‌నే అడగండి," అని పెట్టేసింది.

అక్కడితో ఊరుకోలేదు. సూపర్‌వైజరుతో చెప్పింది. ఇంకోసారి ఆ అమ్మాయి జోలికెళితే ఉద్యోగం ఉండదని ఆయన అతన్ని గట్టిగా హెచ్చరించాడు. పైగా చుక్క ఎర్రబడకుండా ఉండాలని, మా పిల్ల స్కానర్‌ని తలుపు బయట బండి మీదే వదిలి లోపలికి వెళ్లడం మొదలుపెట్టింది. చుక్క పచ్చగా వెలిగేది, ఫోన్ మోగేది కాదు. గెలిచానని ఇంటికొచ్చి ఒకటే సంబరం.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. మా అమ్మాయి ఒక్కతే చల్లగదిలో ఉండగా లోపలి గడియ మంచు పట్టి బిగుసుకుపోయింది. ఎంత అరిచినా బయటికి వినబడదు.

ఇక స్పృహ తప్పుతోంది అనుకునే సమయానికి తలుపు తెరుచుకుంది. ఎదురుగా సిగ్నల్ బాబు, రొప్పుతూ. తన స్వెటర్ విప్పి ఆమె భుజాల మీద కప్పాడు.

వేడినీళ్లు తాగాక, పళ్లు టకటకలాడుతుండగానే అడిగిందట. "చుక్క పచ్చగానే ఉంది కదా, ఎలా తెలిసింది?"

"పచ్చగానే ఉంది, కానీ కదలలేదు. అందరి స్కానర్లూ ఛార్జింగుకి చేరాయి. మీదొక్కటే చల్లగది దగ్గర ఆగిపోయింది. మీరు అంతసేపు ఒకచోట నిలబడే మనిషి కాదు."

"ఉద్యోగం పోతే?"

"పోతే పోయేదండీ."

"నా ఒక్కదాని చుక్కే చూస్తుంటారా?"

అతను తల వంచుకున్నాడు. "అన్నీ చూస్తాను. మీది చూడకుండా ఉండలేను."

"ఆ మాట మా అమ్మతో చెప్పండి," అంది మా పిల్ల.

ఆదివారం వచ్చాడు. ఇల్లెక్కడ, జీతమెంత, ఆరోగ్యమెలా ఉంటుంది అని అడగాల్సినవన్నీ ముందే అనుకుని కూర్చున్నాను. గుమ్మంలో అతన్ని చూడగానే ఒక్కటీ నోటికి రాలేదు. ఆ తలుపు తీసిన చేతులు రెండూ పట్టుకుని ఏడ్చేశాను.

"అమ్మా, మీకు అభ్యంతరం లేకపోతే..." అంటూ నసిగాడు.

"నాకేం అభ్యంతరం నాయనా? దీని గురించి నాకున్న భయంలో సగం ఇక నువ్వు తీసుకో."

"మొత్తం ఇచ్చేయండమ్మా."

"మొత్తం ఇచ్చేస్తే నాకేం మిగులుతుంది?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.