వరస తప్పిన గ్రేడు

"పెట్టను! సంతకం పెట్టనుగాక పెట్టను! చెయ్యి నాది, పేరు నాది!"

బుల్లి లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది. పళ్లెంలోది పళ్లెంలోనే ఉంది. తల్లి వంటింటి గుమ్మానికి చేరగిలబడి, చేతిలోని తువ్వాలును మడతపెడుతూ, విప్పుతూ, మళ్లీ మడతపెడుతూ నిలబడిపోయింది. ఉదయం ఎనిమిదిన్నర. సాయంత్రం నాలుగింటికి కాలేజీలో పట్టాల జాబితా మూసేస్తారు. ఇక మిగిలింది ఏడున్నర గంటలు!

"నెమ్మదిగానే చెప్తున్నాను కదే..." అంది తల్లి.

"నువ్వు నెమ్మదిగా చెప్తే సి కాస్తా బి అయిపోతుందా అమ్మా?"

గొడవంతా అందుకే! ఒక్క అక్షరం! పసిపిల్లలకి పలక మీద దిద్దబెట్టే అక్షరం ఇప్పుడు ఆ ఇంటిల్లిపాదినీ దిద్దడానికి కూర్చుంది!

బుల్లి చదివిన కాలేజీలో ఎంబీఏ పట్టా రావాలంటే ఇరవై సబ్జెక్టులూ గట్టెక్కితే చాలదు. ఏ గ్రేడుకి నాలుగు, బి గ్రేడుకి మూడు, సి గ్రేడుకి రెండు చొప్పున లెక్కగట్టి, అన్నింటి సగటూ మూడు రావాలి. రెండు పాయింటు తొంభై అయిదు వచ్చిందనుకోండి, 'పోనీలే పాపం' అని మూడు చెయ్యరు. చెయ్యరాదని రూలు! ఇంకో రూలేమిటంటే, మొత్తం మీద మూడు సి గ్రేడులు వస్తే సగటు ఆకాశమంత ఉన్నా పట్టా ఇవ్వరు. ఆ సగటు కోసం సగటు మనుషులు పడే పాట్లు సగం చెప్పినా సగం మిగిలిపోతాయి! బుల్లికి సరిగ్గా మూడు వచ్చింది. ఉద్యోగం కాగితం కూడా వచ్చేసింది. ఈ నెలాఖరులోగా పట్టా చూపిస్తే చాలు, బతుకు పట్టాలెక్కినట్టే!

అంతలో నిన్న మధ్యాహ్నం...

తల్లిది ఆ కాలేజీ పరీక్షల విభాగంలోనే గుమాస్తా ఉద్యోగం. స్టీలు స్కేలు పెట్టందే ఒక్క వరసా చదవదు గనక కాలేజీ అంతా ఆమెను 'స్కేలమ్మ' అంటుంది. సొంతవాళ్ల గ్రేడులు గుమాస్తాలు ముట్టుకోకూడదు. అందుకే ఆ కాగితం తన బల్ల మీదికి వచ్చినప్పుడు కూతురి నంబరైన నూట పద్దెనిమిది కనబడగానే దాని మీద స్కేలు వాల్చేసింది. మిగతావన్నీ ఎక్కించి, పక్క సీటావిణ్ణి పిలిచి, "స్కేలు కిందున్నది మీరు ఎక్కించండి, నేను చూడను" అని మొహం తిప్పుకుంది కూడా! కానీ నంబర్లు కాగితానికి ఎడమ చివర, గ్రేడులు కుడి చివర. వాల్చిన స్కేలు కాస్త వాలింది! ఎడమవైపు కూతురి నంబరే కప్పింది గానీ, కుడివైపు ఒక వరస కిందికి జారి, తర్వాతి నంబరు వాళ్ల గ్రేడుని కప్పింది. పైకి కనబడిన బుల్లి సి గ్రేడుని ఈమె నూట పంతొమ్మిదికి ఎక్కించింది. పక్కావిడ స్కేలు కుడి కొన ఎత్తి, దాని కిందున్న బి గ్రేడుని బుల్లికి ఎక్కించింది. వావివరసలు పాటించబోయి వరసే తప్పింది! చూడకూడదనుకున్న కళ్లకి చూడవలసింది కనబడలేదు!

నూట పంతొమ్మిది నంబరు ఒక బేకరీలో పనిచేసే ఆవిడ. నిన్న కౌంటరు దగ్గరికి వచ్చి, "మేడమ్, మా సారు బి వచ్చిందన్నారు, ఇక్కడ సి అని ఉంది. ఇది నాకు మూడో సి. వచ్చేవారం నన్ను మేనేజరు చేస్తామన్నారు..." అంటూ ఏడ్చేసింది. తల్లి అసలు కాగితం తీసి చూస్తే తప్పు బయటపడింది. దిద్దితే బుల్లి సగటు రెండు పాయింటు తొంభై అయిదు!

సవరించాలంటే ఫారం ఉంది. ఇద్దరు విద్యార్థులూ దాని మీద సంతకం పెడితే అప్పటికప్పుడే దిద్దుతారు. ఒక్కరు కాదన్నా విచారణే, పదిరోజులు! ఈలోపు జాబితా మూతపడుతుంది. మళ్లీ ఏడాది దాకా పట్టాల మాటే లేదు!

"ఏమోయ్!" అన్నాడు తండ్రి. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. "ఊళ్లో అందరి టైమూ నేను బాగుచేస్తుంటే, ఇంట్లో పిల్ల టైము బాగుండగా నువ్వు ముల్లు వెనక్కి తిప్పుతున్నావా? నువ్వు తల్లివా, గుమాస్తావా?"

"రెండూనండీ... అదే కదా నా ఖర్మ!"

"చూడమ్మా!" బుల్లి పడిన కుర్చీని లేపి నిలబెట్టింది. "నీ సర్వీసులో ఒకే ఒక్క తప్పు చేశావు. అది నాకు మేలు చేసింది. దాన్ని కూడా ఉండనివ్వవా? ఆ పరీక్షకి ముందు నాలుగు రోజులూ నేనెక్కడున్నానో గుర్తుందా? ఆస్పత్రిలో, నీ మంచం పక్కన! నీకు ఆపరేషను... నాకు పరీక్ష! పుస్తకం తెరిచానా? ఆ సి నాది కాదమ్మా, నీది!"

తల్లి చేతిలోంచి తువ్వాలు జారిపోయింది. ఆ నాలుగు రోజులూ మత్తులో తేలుతున్న ఆమెకి నుదుటి మీద ఒక చల్లటి చెయ్యి మాత్రమే గుర్తు. ఆ చెయ్యి చేత ఇప్పుడు ఇలాంటి సంతకం పెట్టించాలా? భగవంతుడా... ఇంతకన్నా ఆపరేషనే నయం!

"నిన్ను బలవంతపెట్టను తల్లీ," అని మాత్రం అంది. "కాగితం నా బల్ల మీదే ఉంటుంది. నేనూ అక్కడే ఉంటాను."

ఆఫీసులో పన్నెండయింది. ఒంటిగంటయింది. సూపరింటెండెంటు రెండుసార్లు వచ్చి కళ్లజోడు మీదుగా చూశాడు. "మీ పొరపాటు సర్వీసు రికార్డులో రాయక తప్పదమ్మా," అన్నాడు మెల్లగా.

"తప్పు నాది కదండీ, తప్పదని నాకూ తెలుసు. రాయండి."

కౌంటరు ఎదుట బెంచీ మీద బేకరీ ఆవిడ. చొక్కా చేతులకి ఇంకా మైదాపిండి. అడగడం లేదు, పోవడం లేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా సగం లేచి, మళ్లీ కూర్చుంటోంది. పొయ్యి మీద పెట్టిన పాలని చూస్తున్నట్టు చూస్తోంది ఆ తలుపుకేసి! రెండయింది... మూడయింది...

మూడూ ఇరవైకి తలుపు తెరుచుకుంది. బుల్లి! వెనకాల స్కూటరు తాళంచెవి తిప్పుకుంటూ తండ్రి.

బుల్లి తిన్నగా కౌంటరు దగ్గరికొచ్చింది. "నా జవాబు కాగితం చూడాలి. చూసే హక్కు నాకుందిగా మేడమ్?"

మేడమ్! కన్నకూతురి నోటంట! తల్లి పెదవి కొరుక్కుని, పక్క సీటావిణ్ణి పిలిచి, ఆమె చేతే బీరువా తీయించి కాగితాలు ఇప్పించింది.

బుల్లి నిలబడే చదివింది. ఒక్కో పేజీ తిప్పుతోంది. బేకరీ ఆవిడ బెంచీ అంచుకి జరిగింది. గడియారాలాయనే గడియారం చూడలేక తల దించుకున్నాడు. నాలుగో ప్రశ్న దగ్గర బుల్లి వేలు ఆగింది. నష్టాల్లో ఉన్న కంపెనీని మూసెయ్యాలా, నడపాలా అన్న ప్రశ్న. 'నడపాలి, ఎందుకంటే' అని రాసి ఉంది. ఆ తర్వాత పేజీ అంతా ఖాళీ!

బుల్లి చాలాసేపు ఆ ఖాళీనే చదివింది.

"ఇది బి పేపరు కాదమ్మా," అంది చివరికి. మేడమ్ పోయి అమ్మ వచ్చింది! "సారు సి ఇవ్వడమే ఎక్కువ."

"ఇంట్లోవాళ్లకి జబ్బు చేస్తే పరీక్ష వాయిదాకి ఫారం ఉంది కదే! నేను మత్తులో ఉన్నాను సరే... నువ్వెందుకు పెట్టలేదే పిచ్చిదానా?"

"పెడదామని ఇక్కడిదాకా వచ్చాను. నీ కుర్చీ ఖాళీగా ఉంది." బుల్లి కాగితాలు మూసేసింది. "స్కేలమ్మ కూతురు కదా, అడగ్గానే ఇచ్చేశారు అని ఎవరైనా అంటే... నువ్వు లేచాక ఆ మాట వినాలిగా! అందుకే వెళ్లిపోయి రాసేశాను."

తన నిజాయితీ తనని ముంచిందనుకుంది తల్లి, నిన్నట్నుంచీ... కాదు, ఇంట్లో ఇంకొకరికి కూడా అంటుకుంది! "నా తల్లే... నా తల్లే..." అంటూ కళ్లు ఒత్తుకుంది.

"ఏడవకు. కాగితాలు తడిస్తే మళ్లీ దానికో ఫారం అంటారు," అంటూ తన కళ్లే తుడుచుకుంది బుల్లి. "ఏదీ, ఎక్కడ పెట్టాలి?"

మూడూ నలభై రెండుకి సంతకం పడింది. తండ్రి ఏదో అనబోయి, కూతురి మొహం చూసి, "నెలాఖరు కాకపోతే ఇంకో ఆఖరు... ఆ కంపెనీవాళ్లకి ఫోను చేద్దాంలే," అన్నాడు. బేకరీ ఆవిడ పరుగున వచ్చి బుల్లి రెండు చేతులూ పట్టుకుంది.

"చెల్లీ... నీ ఉద్యోగం..."

"మీది తీసుకుని నాది చేసుకోనా అక్కా?" అంది బుల్లి. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నాలుగింటికి జాబితా బోర్డు మీదికెక్కింది. అందరూ తోసుకుంటూ ముందుకెళ్లారు. బేకరీ ఆవిడ మాత్రం కళ్లు మూసుకుని గోడకి ఆనుకుపోయింది. "నువ్వే చూడు చెల్లీ, నాకు ధైర్యం చాలడం లేదు."

బుల్లి వేలు జాబితా మీద జారింది. నూట పదహారు... నూట పదిహేడు... ఆ వెంటనే నూట పంతొమ్మిది. మధ్యలో ఒక నంబరు లేదని ఇంకెవరికీ తెలియదు. కౌంటరు అద్దం వెనక నిలబడ్డ తల్లికి తప్ప!

"ఉన్నావక్కా! ఇదిగో!"

ఆ కేకకి నలుగురూ చప్పట్లు కొట్టారు. బుల్లి కూడా కొట్టింది. తర్వాత గుంపులోంచి బయటికొచ్చి, అద్దం కన్నం దగ్గర వంగింది.

"అమ్మా, ఆ సబ్జెక్టు మళ్లీ రాయడానికి ఫారం ఎక్కడిస్తారు?"

"మూడో కౌంటరు..."

"క్యూలో నిలబడాలా?"

"నిలబడాలి తల్లీ."

బుల్లి వెళ్లి క్యూలో చివర నిలబడింది. ముందు పదకొండు మంది ఉన్నారు. తల్లి తన కౌంటరు మీద 'మూసివేయబడినది' అన్న బోర్డు తిప్పి, పక్క తలుపులోంచి బయటికి వచ్చింది. కూతురి వెనక నిలబడింది.

బుల్లి వెనక్కి తిరిగి చూడలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచింది.