గొంతున్న రెక్క

ఆ పూట మొదటి తట్టలోని పాత ఇంజిన్ రెక్కలన్నీ మౌనంగానే ఉన్నాయి. వరహాలు ఒక్కొక్కదాన్నీ నాదపీఠం మీద నిలబెట్టి, వేడి ఎక్కనిచ్చి, చెవికి గొట్టం తగిలించుకుని వింటోంది. ఏమీ వినపడకపోతే మౌనముద్ర వేస్తోంది. ముద్ర పడిన రెక్క పట్టా మీద జారుకుంటూ కొలిమిలోకి పోతోంది. అక్కడ దానిలోంచి రీనియం విడిపోయి, సాయంత్రానికల్లా ఏదో కొత్త విమానం ఇంజిన్‌కు రెక్క అవుతుంది.

పూడిమడక లోహశాలలో పనంటే ఇదే. గనుల్లో రీనియం అడుగంటి చాలాకాలమైంది. ఆ లోహం లేనిదే టర్బైన్ రెక్క మంటకు ఆగదు. అలాగని జనం ఎగరడం మానుకోలేదు. అందుకని పాత రెక్కలే కొత్తవి కావాలి. గిరాకీ లెక్కలు చూసే యంత్రం, గిరాకీతంత్రం, ఎక్కడెక్కడి ఇంజిన్లనో విప్పించి, వాటి పుట్టుక మనుషుల కంట పడకుండా దాచేసి, ఇక్కడికి పంపుతుంది. గోడమీద దాని పలక పసుపుగా ఉంటే తీరిగ్గా టీ తాగొచ్చు. ఎర్రబడితే కొలుములు ఆరవు. ఈ మధ్య అది ఎరుపు దాటి నల్లబడుతోంది. దానికి ఆకలి తప్ప మరో గుణం లేదు.

ఒకే స్ఫటికంగా పోతపోసిన రెక్క తాను పడ్డ అదురునంతా దాచుకుంటుంది. మామూలుగా ఒకసారి కాలిస్తే ఆ అదురు పోతుంది. కూలిన విమానాల రెక్కల్లో మాత్రం ఒక్కోసారి పోదు. దాన్నే గొంతు అంటారు. పెద్ద గొంతయితే యంత్రమే పట్టేస్తుంది. సన్న గొంతు మనిషి చెవికే తెలుస్తుంది. లోహశాస్త్రంలో అంత చదువూ చదివి చివరికి చెవులమ్ముకుని బతుకుతున్నానని వరహాలు తనమీద తనే వేళాకోళం ఆడుకునేది.

సన్న గొంతు దొరికితే పలచన చేయడం ఇక్కడి ఆచారం. ఆ రెక్కను బోలెడంత మౌనలోహంలో కలిపి కరిగిస్తారు. అంత లోహంలో ఇంత గొంతు ఏ మూలకని అందరి ధీమా. వరహాలుదీ అదే ధీమా. బల్ల చివర గాజుమూత కింద ‘గొంతుంది’ అనే మీట ఒకటి ఉంది. అది నొక్కితే, ఆ రెక్క ఏ పోతలో పుట్టిందో ఆ పోత రెక్కలూ, వాటిని కరిగించి పోసిన రెక్కలూ ఉన్న విమానాలన్నీ ఎక్కడ తిరుగుతున్నా ఆగిపోవాలి. ఇంతవరకూ ఆ మూత తెరిచినవాళ్లు లేరు. దానిమీద దుమ్ము కూడా ఎవరూ తుడవరు.

రెండో తట్టలో ఒక్కటే రెక్క ఉంది. దానితోపాటు వచ్చినవాటిని కిందటి వారమే వేరే జట్టు పలచన చేసి కరిగించేసింది. ఇదొక్కటీ తట్ట అడుగున ఇరుక్కుపోయి మిగిలింది. అంచుల్లో ఉప్పు పేరుకుని ఉంది. సముద్రంలోంచి తీసిన రెక్కన్నమాట.

వరహాలు దాన్ని వేడి చేసి చెవి ఒగ్గింది. సన్నగా, తలుపు అవతల నుంచి వచ్చినట్టుగా, ఒక ఇంజిన్ లేచింది. నేలమీద పరుగు, పైకెక్కడం, ఆ తర్వాత నిలకడైన హోరు. ఇంతలో ఆ ఇంజిన్‌కు వేగమిచ్చే మీటను ఎవరో రెండుసార్లు పొట్టిగా తోసి చూశారు. మూడోసారి నిలకడగా తోశారు.

ముద్ర మీదికి వెళుతున్న ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అనకాపల్లి సంతలో కుండ కొనేముందు అమ్మ దాన్ని వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి వినేది. ఖంగుమంటేనే బేరం. ఆ అలవాటు చెల్లెలు పద్మినికి పట్టుకుంది. తలుపైనా, బిస్కెట్ల డబ్బా అయినా రెండు దెబ్బలు పడాల్సిందే. పెద్దయ్యాక సరుకు విమానం నడిపింది. వరహాలు ఒకసారి పక్కన కూర్చుని ఎగిరినప్పుడు చూసింది, ఇంజిన్ల మీటను కూడా పద్మిని అలాగే రెండుసార్లు తట్టినట్టు తోసి, ఆ తర్వాతే నిలకడగా తోసేది. ఇదేటే అంటే, కుండ బాగుందో లేదో చూడొద్దేటే అప్పా అని నవ్వింది.

ఒకనాడు ఆ విమానం పద్మినితో సహా భీమిలి దగ్గర సముద్రంలో పడింది. ఒక ఇంజిన్ చెడితే పైలట్ కంగారులో బాగున్న రెండోదాన్ని ఆపేసిందని విచారణలో తేల్చారు. పైలట్ చేతి తప్పు అని రాశారు. అప్పట్నుంచీ అమ్మ ఏ కుండనూ కొట్టి చూడలేదు. ఏది చేతికిస్తే అది తెచ్చుకునేది.

వరహాలు గొట్టాన్ని ఇంకా గట్టిగా అదుముకుంది. పక్క ఇంజిన్ చచ్చిపోయిన కుదుపు వినపడింది. వెంటనే ఈ ఇంజిన్‌కు రెండు పొట్టి తోపులు, ఒక నిలకడ తోపు. మళ్లీ రెండు, మళ్లీ ఒకటి. పద్మిని దీన్ని ఆపలేదు. చివరిదాకా బలం అడుగుతూనే ఉంది. ఇవ్వలేకపోయింది ఇదే.

ఎందుకు ఇవ్వలేదన్నది దాని అడుగున వినపడింది. ఇంజిన్ మొదటిసారి లేచినప్పటినుంచీ ఇంకో అదురు దానితోపాటే నడుస్తోంది. అది ఈ విమానంది కాదు. వడగళ్లలో చిక్కుకుని, పక్కకు ఒరిగి, ఎవరికీ తెలియని ఏదో విమానం పడిపోతోంది. రెక్క వేడెక్కినప్పుడల్లా అది మళ్లీ పడిపోతోంది. ఎప్పుడో ఎవరో పలచన చేసిన గొంతు ఈ రెక్కలో పుట్టుకతోనే ఉంది. అదే లోపల్నుంచి దీన్ని చీల్చింది.

కుండెడు పాలలో చెంచాడు మజ్జిగ వేసి, మజ్జిగ పలచబడిందని సంబరపడ్డట్టుంది తమ పని. ఇన్నాళ్లూ తాము తోడు పెడుతున్నారు. కిందటి వారం పద్మిని గొంతును కూడా తోడు పెట్టేశారు.

పట్టా ఆగిపోయిందని జట్టు పెద్ద దివాకర్ వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు, కాకపోతే పలక నల్లబడితే ఆయనకు అన్నం సహించదు. విషయం చెబితే, సన్న గొంతే కదా, పలచనకు పంపెయ్యమన్నాడు. వరహాలు గొట్టం తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన విన్నాడు. వింటూ వింటూ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

“ఎవరమ్మా అలా తోస్తన్నారు?”

“మా చెల్లి సార్.”

ఆయన గొట్టం దించి గాజుమూత వైపు చూశాడు. ఆ మీట నొక్కితే లోహశాలకు తాళం పడుతుందన్నాడు. దీన్ని నమ్ముకున్న ఇళ్లన్నీ ఏమవుతాయన్నాడు. అదంతా నిజమే, వరహాలుది కూడా అలాంటి ఇల్లే. ఆఖరికి ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

“ఇప్పుడు గాల్లో ఉన్న విమానాల మాటేటమ్మా?”

“దిగుతాయి సార్. దిగడం వాటి చేతిలో ఉండగానే దిగుతాయి.”

ఆయన లేచి ఆమెకు అడ్డం తప్పుకున్నాడు.

వరహాలు గాజుమూత తెరిచింది. ఆమెకు భయంగా ఉంది. మీటను వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, మూడోసారి నొక్కింది.

ముందు పట్టాలు ఆగాయి. తర్వాత కొలుములు ఒక్కొక్కటే ఆరిపోయాయి. గోడమీద పలకలో ఏ రంగూ లేదు. వాకిట్లోకి వెళ్లి చూస్తే సముద్రం మీద విమానాలు తమ దారులు వదిలేసి ఒడ్డువైపు వంగుతున్నాయి. ఒకదాని వెనక ఒకటి, విశాఖ వైపు దిగుతున్నాయి. వరహాలు అమ్మకు ఫోన్ చేసింది.

“అమ్మా, చెల్లి చెయ్యి తప్పు కాదే. చివరిదాకా కొట్టి చూస్తానే ఉందే.”

అవతల ఏదో మట్టిపాత్ర మీద కణుపు పడిన చప్పుడు వినపడింది. ఒకటి, మళ్లీ ఒకటి.

వరహాలు కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చింది. కొలుముల హోరు లేకపోయేసరికి ఆ శాల అంత పెద్దదని తెలిసింది. గోడవారన అరల్లో కిందటి వారం ఆ పలచన లోహంతో పోసిన కొత్త రెక్కలు బారులు తీరి ఉన్నాయి. చుట్టూ వేడి దిగిపోతుంటే అవి చిటుకుమంటున్నాయి. చల్లబడే లోహం చిటుకుమనడం మామూలే. దివాకర్ అప్పటికే అక్కడ నిలబడి వింటున్నాడు.

ఆ మూల అరలో రెండు చిటుకులు. కాసేపాగి ఈ మూల అరలో రెండు. తర్వాత శాల అంతటా, ప్రతి రెక్కలోనూ, రెండేసి.

మూడో తోపు కోసం చూస్తూ వరహాలు అరల మధ్య నిలబడిపోయింది.