సిలోయము బుగ్గలో వేడి నీళ్లు

అమెరికాలోని మొహావీ ఎడారిలో, వేడినీటి ఊట పేరుతో సిలోయము బుగ్గ ఆరోగ్యాశ్రమాన్ని స్థాపించిన డాక్టర్ ఎల్వుడ్ టర్లీ ఆదివారం పొద్దున తన పవిత్రమైన కొలనులోనే శవమై బోర్లా తేలాడు. తల వెనక గాయం. ఆయన వైద్యం ఎక్కడా చదవలేదు. రేడియో ప్రసంగాలు విని జనమే డాక్టరన్నారు, కాదంటే మర్యాద కాదనుకున్నాడు. భార్య వెర్నాకి ఏడుపు రాలేదు. షెరీఫ్‌కి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"మధ్యాహ్నం బండి తెస్తానమ్మా, సిద్ధంగా ఉండు" అని వెళ్లాడు.

వెర్నా ఫోన్ చేస్తే ప్రైవేటు డిటెక్టివ్ ఆగ్నెస్ కోర్బిన్, సహాయకుడు విల్బర్ వచ్చారు. ఆమె తుమ్మినా అందులో తర్కం ఉంటుందని విల్బర్ నమ్మకం.

కొలను గోడ మీద ఆశ్రమ నియమం రాసి ఉంది: శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం ప్రార్థన అయ్యేదాకా బుగ్గకు విశ్రాంతి, ఎవరూ దిగరాదు. ఆగ్నెస్ నీళ్లలో చెయ్యి ముంచి, స్కర్టుకి తుడుచుకుంది. వెనకున్న రేకుల షెడ్డు సందులోంచి లోపలికి తొంగి చూసింది.

"ఏదో దాస్తున్నారు వెర్నా గారూ."

"దాస్తే?"

"జైలుకెళతారు."

"అక్కడా తిండి పెడతారుగా" అంది వెర్నా. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే ఆమెకేమీ అనిపించడం లేదు.

మధ్యాహ్నం భోజనాల గదిలో షెరీఫ్ ఎదుట అందరినీ కూర్చోబెట్టారు. తెల్లవారుజామున, ఆశ్రమంలోనే ఉంటున్న లైల్ హాథవే తువ్వాలుతో కొలను వైపు నుంచి రావడం వంటామె చూసింది. డాక్టరు మాట విని ఇన్సులిన్ మానేసిన అతని భార్య డెల్లా పోయిన వసంతంలో ఇక్కడే కన్నుమూసింది.

"స్నానం చేశాను. నియమం తప్పాను, ఒప్పుకుంటున్నా" అన్నాడు హాథవే.

"చాలాసేపు చేశారా?"

"అరగంట. ఒళ్లంతా ఎర్రబడింది. ఆ బుగ్గ వేడి మీకేం తెలుసు! నేను బయటికొస్తుంటే ఈ వెర్నాయే లోపలికెళుతోంది."

ఆగ్నెస్ వెర్నా వైపు తిరిగింది. "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

వెర్నా చుట్టూ ఉన్న రోగుల ముసలి ముఖాల్ని చూసింది. ఈ మాటతో ఆశ్రమం మూతపడుతుంది. "మీరే చెప్పండి."

"ఇక్కడున్నది చన్నీళ్ల ఊట. వేడంతా షెడ్డులోని బాయిలరుది. బుగ్గకు విశ్రాంతంటే బాయిలరుకు విశ్రాంతి, నూనె ఖర్చు తప్పుతుంది. ఎడారి రాత్రికి ఆ నీళ్లు మంచులా అయ్యాయి. హాథవే గారూ, మీరు దిగలేదు, గట్టు మీద నుంచే కొట్టారు. మనిషి మోసగాడని చంపారు, కానీ అతని బుగ్గను మాత్రం నమ్మారు."

"మరి నా మోకాళ్లెలా తగ్గాయమ్మా?" అని నిలదీసింది ఓ ముసలమ్మ.

హాథవే లేచి షెరీఫ్ ముందుకు చేతులు చాపాడు. షెరీఫ్ తీసుకెళుతుంటే వెర్నా ముందు ఆగాడు.

"ఆ నీళ్లలో కూర్చుంటే హాయిగా ఉందనేది డెల్లా. అదీ అబద్ధమేనా?"

"కాదు. బాగా వేడిగానే ఉండేవి" అంది వెర్నా. "చలికి తట్టుకోలేదని, ఆవిడొచ్చే వేళకి ఇంకాస్త మంట పెంచేదాన్ని."